తరుగు తీసిన తూకం

“సైకిలు చక్రం విరిగితే చక్రం తప్పెలా అవుతుందండీ? ఎక్కింది మీరు!” అన్నాను.

“తప్పు చక్రానిదని నేననలేదండీ అత్తయ్యగారూ. ఆ చక్రమే చాలని కొనిపించినవాళ్లదంటున్నాను.”

“దానికి ఇరవై నాలుగు పుల్లలున్నాయి. మీరు కూర్చున్న కుర్చీకి నాలుగే కాళ్లు. అదే ఓర్చుకుంటోంది పాపం.”

“కుర్చీ హైవే మీద గోతుల్లో పరిగెత్తదు కదండీ.”

“మిమ్మల్ని మోస్తూ ఏదైనా పరిగెత్తుతుందేంటండీ?”

ఆయన మా రెండో అమ్మాయి భర్త. వట్లూరులో కాలేజీలో పని. మా ఆయన పోయాక చెరువులు చూసుకోవడానికి తోడుంటారని, దెందులూరు దగ్గర మా ఇంటికే వచ్చి ఉంటున్నారు. మనిషి మంచివాడే. ఒళ్లు మాత్రం ఇద్దరిది. గుమ్మంలోంచి ఆయన వస్తుంటే గదిలో వెలుగు తగ్గుతుంది. ఈ మాట ఆయన ముందే అన్నాను, వెనకాల అనే అలవాటు నాకు లేదు.

ఆ ఆదివారం ఏలూరు సైకిలు జట్టుతో కలిసి తాడేపల్లిగూడెం దాకా వెళ్లి వస్తానని చీకటితోనే బయల్దేరారు. సగం దారైనా వెళ్లలేదు. వెనక చక్రం పుల్లలు పుటుక్కున తెగాయట. చక్రం వంకర తిరిగి ఫ్రేముకి పట్టేసింది. కింద పడ్డారు. జట్టువాళ్లు కాసేపు నిలబడి, నీళ్లిచ్చి, వెళ్లిపోయారు. చేపల ట్రేలు తీసుకెళ్లే వ్యానువాడు ఎక్కించుకుని తెచ్చి మా గేటు ముందు దింపాడు. సైకిలు ఒక పక్క, మనిషి ఒక పక్క. మధ్యలో ఖాళీ ట్రేలు. దిగుతుంటే వ్యాను పైకి లేచింది. వ్యానువాడు నన్ను చూసి నవ్వాడు. నేనూ నవ్వాను.

సైకిలు సరదాకి కొన్నది కాదు. ఏలూరులో డాక్టరు గారు షుగరు గుమ్మం దాకా వచ్చిందన్నారు. నడిస్తే మోకాళ్లు అరుగుతాయి, సైకిలు తొక్కండి, ఒళ్లు తగ్గకపోతే ఇక సూది మందే అన్నారు. వాళ్ల నాన్నగారు ఆ షుగరుతోనే కాలు తీయించుకుని పోయారు. అందుకని ఎవరో వాడి వదిలేసిన సన్న టైర్ల సైకిలు కొనుక్కొచ్చారు. దాని పాత చక్రానికి పుల్లలు ఒకటొకటిగా తెగేవి. వారానికోసారి బెండు తీయించేవారు. చివరికి తాడేపల్లిగూడెంలో సైకిలు షాపతను, “ఇది బెండు తీస్తే ఆగేది కాదండీ, చక్రమే మార్చాలి. మీ బరువెంతండీ?” అని అడిగాడట. ఈయన నేల చూశారట.

బరువు తెలియకే కదా మరి. ఇంట్లో చిన్న కాటా అంత బరువు చూపించదు, దాని మీద ఈయన నిలబడితే అంకె రాదు, గీతలొస్తాయి.

నేను చదివింది మూడో తరగతి. కాటా మీద అంకెలు చదవడానికి అది చాలు. మా పెద్ద చెరువు పట్టుబడి రోజున, వల లాగి చేపలు గట్టుకి తెస్తున్నప్పుడు, ఈయన్ని పిలిచాను. “అల్లుడుగారూ, ఇక్కడ లారీకెక్కే సరుకునే తూస్తారు. మీరూ ఒకసారి ఎక్కండి” అన్నాను. వలవాళ్లు, కొనేవాళ్లు, ఐసు కొట్టేవాళ్లు అంతా తిరిగి చూశారు. ఆయన ఎక్కి, కళ్లు మూసుకుని, మొహం చెరువు వైపు తిప్పుకున్నారు. కొనేవాళ్ల గుమస్తా అంకెల పెట్టె చూసి, “నూట పద్నాలుగండీ” అని కేకేశాడు. ఒకడెవడో “ఏ రకం చేపండీ?” అన్నాడు. గట్టంతా నవ్వింది.

చెరువుల దగ్గర తెలియనివాళ్లకి ఒక సంగతి చెప్పాలి. చేప తడిగా వస్తుంది. ఆ నీటికి కొనేవాడు డబ్బివ్వడు. అందుకని కాటా ఎంత చూపిస్తే అందులో వందకి అయిదు కిలోల లెక్కన తరుగు తీసి, మిగిలింది కేకేస్తారు. ఆ తరుగు దగ్గర నేను జీవితమంతా పోట్లాడాను. అయినా గుమస్తా నోట్లోంచి వచ్చేది ఎప్పుడూ తరుగు తీసిన తూకమే. వాడికి వేరే లెక్క రాదు.

ఆ తర్వాత ఉల్లిపాయల బస్తా కొనాలని నేనూ ఆయనతో తాడేపల్లిగూడెం వెళ్లాను. పనిలో పనిగా సైకిలు షాపుకీ వెళ్లాను. అతను రెండు చక్రాలు చూపించాడు. ఒకటి ఇరవై నాలుగు పుల్లలది, సన్నని రిమ్ము. రెండోది ముప్పై ఆరు పుల్లలది, వెడల్పు రిమ్ము, దానికి కాస్త లావు టైరు. మొదటిది మనిషి, సైకిలు, సంచీ అంతా కలిపి నూట ఇరవై అయిదు దాకానే ఆగుతుందన్నాడు.

“మనిషి నూట పద్నాలుగు, సైకిలు పది. లోపలే ఉన్నాంగా” అన్నాను.

“వెనక చక్రం మీదే బరువంతా పడుతుందండీ అమ్మగారూ. అంచున కొనకూడదండి” అన్నాడతను.

అల్లుడుగారు ముప్పై ఆరు పుల్లలదాన్ని పట్టుకుని చూస్తున్నారు.

“అన్ని పుల్లలెందుకండీ, పందిరేస్తారా?” అన్నాను.

దాన్ని కింద పెట్టేశారు. అత్తగారి మాట తీసేయలేని మర్యాద ఒకటి ఉంది కదా మా వైపు. తక్కువ ఖరీదుదే బిగించుకొచ్చాం. ఆ చక్రమే ఆ ఆదివారం పూట అరుగు మీద గోడకి ఆనుకుని, తెగిన పుల్లలు బయటికి పెట్టి ఉంది. మా మనవరాలు వాళ్ల నాన్న మోచేతికి దూది అద్దుతోంది.

మా అమ్మాయి వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. చెరువు గట్టు మీద పెరిగిన పిల్ల. “అమ్మా, ఆ రోజు గుమస్తా చెప్పింది తరుగు తీశాకనా, తీయకముందా?” అంది.

“తీశాకే. వాడెప్పుడైనా తీయకుండా చెప్పాడా?”

“మనిషిక్కూడానా! అంటే అసలు నూట ఇరవై!”

అల్లుడుగారు తలెత్తారు. “అంటే నాకూ తరుగు తీశారాండీ? తడి చేపకి తీసినట్టు?”

“తడిగానే ఉన్నారు కదండీ ఆ రోజు, చెమటతో” అన్నాను.

“అమ్మా!” అంది అమ్మాయి. “ఆయన తల పగిలుండేది. నీకది తెలుస్తోందా?”

“పగల్లేదుగా. కాటా ఎక్కినవాళ్లు కళ్లు తెరుచుకుని చూసుకోవాలి. పెట్టెలో అంకె ఆయనకీ కనపడేదే.”

ఆ మాట ఆయనకి తగిలింది. లేచి నిలబడ్డారు. గొంతు పెంచలేదు. “నిజమేనండీ. నేను చూసుకోలేదు. ఇక సైకిలు ఎక్కనండీ. వదిలేద్దాం” అన్నారు.

“వదిలేయండి. ఇన్నాళ్లూ మోసిన మంచం మిమ్మల్ని ఏమైనా అందా? సూదులు ఏలూరులో దొరుకుతాయి” అన్నాను.

మా అమ్మాయి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆయన భోజనానికి రాలేదు. నేను గిన్నెల మీద మూతలు పెట్టి పడుకున్నాను. అన్నం పారేసే ఇల్లు కాదు మాది.

మర్నాడు చిన్న చెరువు పట్టుబడి. తెల్లవారేసరికి నేను గట్టు మీదున్నాను. మొదటి వల లాగుతున్నారు. కాటా ఇంకా ఖాళీగా ఉంది. అల్లుడుగారు ఇంటి వైపు నుంచి వచ్చారు. భుజం మీద సైకిలు, విరిగిన చక్రంతో సహా. వీపున సంచీ, అందులో నీళ్ల సీసాలు. నా వైపు చూడలేదు. అలాగే కాటా ఎక్కి నిలబడ్డారు. ఈసారి మొహం అంకెల పెట్టె వైపే పెట్టారు.

“తరుగు తీయకండి” అన్నారు గుమస్తాతో.

గుమస్తా నా వైపు చూశాడు. వలవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను దగ్గరికి వెళ్లి పెట్టెలోని అంకె చదివాను. గట్టు మీద అందరికీ వినపడేలా చదివాను.

“నూట ముప్పై నాలుగు.”

ఆయన దిగలేదు. కాటా మీద నిలబడే ఫోను తీసి తాడేపల్లిగూడెం షాపతనికి చేశారు. “అన్నీ కలిపి నూట ముప్పై నాలుగండీ. వెనక చక్రం ముప్పై ఆరు పుల్లలది కట్టండి. రిమ్ము వెడల్పుది. టైరు లావుది. సాయంత్రం నేనే వస్తానండీ.”

ఫోను పెట్టేసి దిగారు. సైకిలు భుజాన ఉండగానే ఇంటికి వెళ్లిపోయారు. వలవాళ్లు మొదటి ట్రే తెచ్చి కాటా మీద పెట్టారు. గుమస్తా తరుగు తీసి కేకేశాడు.