సూపరింటెండెంట్ గారి ఇత్తడి హుడ్

1949 ఏప్రిల్‌లో, పోలీస్ యాక్షన్ అయిన ఏడో నెలలో, నన్ను సికింద్రాబాద్‌లోని ఒక ఇంజినీరింగ్ దఫ్తరులో తాత్కాలిక ఫోటోగ్రాఫర్‌గా వేశారు. తాత్కాలిక అనే మాటను ఆర్డరులో రెండుసార్లు టైపు కొట్టారు. ఒకసారైతే నేను మరిచిపోతానని భయం కాబోలు. వంతెనలు, తూములు, కూలిన గోడలు ఫోటో తీసి ఫైళ్లకు జతచేయడం నా పని. గోడలు కదలవు, కళ్లు మూయవు, నల్లగా వచ్చామని అలగవు. హైదరాబాద్ రాష్ట్రం మొత్తంలో నా అంత సుఖపడ్డ ఫోటోగ్రాఫర్ లేడని ఇప్పటికీ గట్టిగా చెప్పగలను.

మూడో వారంలో ఆ సుఖానికి గండి పడింది. దఫ్తరును మూడు ముక్కలు చేసి జిల్లాలకు పంపమని హుకుం వచ్చింది. సోమవారం పన్నెండింటికి లారీలు సామానునూ సిబ్బందినీ ఎక్కించుకొని పోతాయి. అంతకు ముందే అందరం ఒక గ్రూప్ ఫోటో దిగాలని సూపరింటెండెంట్ వెంకటరత్నం గారు నిర్ణయించారు. ఆయన మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చిన అధికారి. సొంతంగా కెమెరా ఉన్న మనిషి కూడా. ఫోటోగ్రాఫర్‌కు అంతకన్నా ప్రమాదకరమైన అధికారి ఉండడు.

మా దఫ్తరు కెమెరా టేకు చెక్కది. దాన్ని మోయడానికి ఒక మనిషి, మోసేవాణ్ణి అదిలించడానికి ఇంకో మనిషి కావాలి. దానికి యుద్ధానికి ముందెప్పుడో జర్మనీ నుంచి తెప్పించిన వైడ్ యాంగిల్ లెన్స్ ఉండేది. దగ్గర నుంచే వెడల్పాటి దృశ్యాన్ని పట్టేస్తుంది. మా దఫ్తరు ఉన్న బంగళా ముందు స్థలం ఎంత తక్కువంటే, ఇంకో నాలుగడుగులు వెనక్కి జరిగితే కెమెరా, నేను కలిసి బావిలో తేలుతాం. కాబట్టి ఆ లెన్సే గతి.

బంగళా పడమటి ముఖం. పొద్దున తీస్తే మనుషులు నీడలో ఉంటారు గానీ సూర్యుడు కప్పు మీదుగా సరిగ్గా లెన్సులోకి తొంగిచూస్తాడు. పాత లెన్స్ మీద ఎండ పడితే బొమ్మంతా పొగ కమ్మినట్టు తెల్లబోతుంది. దాన్ని ఆపడానికి లెన్స్ ముందు తొడిగే గొట్టమే హుడ్. మామూలు లెన్సుకు అది కాస్త లోతుగా ఉన్నా చెల్లుతుంది. వైడ్ యాంగిల్‌కు చెల్లదు. గొట్టం అంచు బొమ్మ మూలల్లోకి చొరబడి అక్కడున్న వాళ్లను మింగేస్తుంది.

నా దగ్గర ఒక హుడ్ ఉండేది, రేకు పనివాడితో చేయించింది, వేలి వెడల్పంత లోతు. సూపరింటెండెంట్ గారు అది చూసి, "ఇదేమిటయ్యా, డబ్బా మూతలా ఉంది! హుడ్ అంటే ఇదీ," అని తన పెట్టెలోంచి ఇత్తడిది ఒకటి తీశారు. బయట అద్దంలా మెరుపు, లోపల నల్ల మఖ్‌మల్, లోతు చూస్తే అందులో సేరు బియ్యం పోయవచ్చు. నేను కుర్చీల వరుస ఎలా నిర్ణయిస్తారో హుడ్‌ను కూడా అలాగే నిర్ణయించాను. పెద్ద హోదా ముందు, చిన్న హోదా పక్కకు.

అయినా శనివారం పరీక్ష చేశాను. కెమెరా వెనుక పాలగాజు పలక ఉంటుంది, దాని మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. ఆ గాజుకు నాలుగు మూలలూ కాస్త కోసి ఉంచుతారు. ఆ సందులోంచి లెన్స్ రంధ్రాన్ని చూడాలి. నిండుగా కోడిగుడ్డులా కనబడితే హుడ్ అడ్డం లేదని, కొరికిన బిస్కట్టులా కనబడితే ఉందని అర్థం. నాలుగు మూలల్లోనూ కోడిగుడ్లే కనబడ్డాయి, వెంట్రుక వాసిలో. నేను ఈల వేసుకుంటూ నల్లగుడ్డ మడతపెట్టాను.

అప్పుడే యాకూబ్ జమేదార్ వచ్చాడు. చప్రాసీలందరి మీద పెద్ద ఆయన. ఆ నెలాఖరుకే పింఛను. లారీలు ఎక్కేవాళ్లలో ఆయన లేడు.

"ముప్పై ఏండ్ల నౌకరిల ఒక్కపారి ఫోటో దించిన్రు బిడ్డా," అన్నాడు. "అండ్ల నాది మోచెయ్యి వచ్చింది. ఇంటికి తీస్కపోయి ఇగో నేనని చూపిస్తే, మా బీబీ, 'ముఖం ఏడ మర్చిపోయి వచ్చినవ్?' అన్నది. జెర ఈసారి పూరా దించు."

పూరా దించుతానని, గోళ్లు కూడా వస్తాయని మాటిచ్చాను.

సోమవారం తొమ్మిదిన్నరకు అందరూ వరుసల్లో కుదిరారు. నడుమ కుర్చీల్లో అధికారులు, వెనుక బెంచీల మీద గుమాస్తాలు, ముందు జంపఖానా మీద చప్రాసీలు. వరుసను సరిచేసి ఆఖరున కూర్చోవడం జమేదార్ పద్ధతి, కాబట్టి యాకూబ్ జంపఖానా కొసన కూర్చున్నాడు. గోరింటాకు పెట్టిన గడ్డం, ఇస్త్రీ షేర్వానీ. రెండో కొసన ఒక పూలకుండీ.

వెనుక వరుస ముఖాలు కనబడాలని కెమెరాను రెండు బల్లల మీదికి ఎక్కించాను. దాంతో జంపఖానా బొమ్మలోంచి జారిపోయింది. కెమెరాను కిందికి వంచితే బంగళా స్తంభాలు తాగినట్టు ఒరుగుతాయి. అందుకని కెమెరాను నిటారుగానే ఉంచి, లెన్స్ బిగించిన పలకను మాత్రం రెండు వేళ్లు కిందికి దించాను. అలా దించాక మళ్లీ మూలల్లోంచి చూడాలి. చూడలేదు. సూపరింటెండెంట్ గారు గడియారం చేత్తో పట్టుకొని ఎదురుగా కూర్చున్నారు. ఆయన హుడ్‌ను ఆయన కళ్లముందే రెండోసారి పరీక్షించడానికి నాకు నోరూ రాలేదు, మెడా వంగలేదు.

బొమ్మ పడే గాజు ప్లేట్లు మూడే ఉన్నాయి. రెండు వాడి చీకటి గదిలోకి వెళ్లాను. నెగటివ్‌లో వెలుగు నల్లగా, చీకటి తేటగా కనబడుతుంది. మందులోంచి తీసి ఎర్రదీపానికి పట్టి చూస్తే, వెనుక గుమాస్తా మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. కింది రెండు మూలలు మాత్రం కడిగిన గాజులా ఉన్నాయి. ఒక మూల పూలకుండీ పోయింది, అది ఏమీ అనుకోదు. రెండో మూల యాకూబ్ జమేదార్ గడ్డంతో సహా పోయాడు. రెండో ప్లేటూ అంతే.

అప్పటికి పదిన్నర దాటింది. బయట లారీల్లోకి బీరువాలు ఎక్కిస్తున్నారు. నోరు మూసుకుంటే నాకేమీ కాదు. ప్రింట్లు వచ్చేనాటికి దఫ్తరే ఉండదు. నోరు తెరిస్తే, రెండుసార్లు తాత్కాలికమైన నేను ఇత్తడి హుడ్‌ను అందరిముందు తప్పుపట్టాలి. యాకూబ్ ఉండాల్సిన మూలను ఇంకోసారి ఎర్రదీపానికి పట్టి చూశాను. తర్వాత తడి ప్లేటుతోనే బయటికి వచ్చి చెప్పేశాను.

"అంటే నా హుడ్‌ది తప్పంటావా?" అన్నారు సూపరింటెండెంట్ గారు.

"తప్పు నాది సార్. తీసేయాల్సింది మాత్రం హుడ్‌ను," అన్నాను.

ఆయన ప్లేటును ఎండకు పట్టి రెండు మూలలూ చూశారు. నా ముఖం చూడలేదు. "పదిహేను నిమిషాలు," అన్నారు.

అప్పటికే యాకూబ్‌కు సంగతి అర్థమైంది. "ఓ గుమాస్తా సాబ్, దిగుండ్రి! లారీ ఏడికి పోదు, డ్రైవర్ చాయ్ తాగవోయిండు," అని కేకలేస్తూ బీరువాల మీంచి మనుషుల్ని దించాడు. నేను నా డబ్బా మూత హుడ్‌నే తొడిగి, ఈసారి లెన్స్ దించిన చోటునే ఉంచి మూలల్లోంచి చూశాను. నాలుగూ కోడిగుడ్లే. కానీ అది పొట్టిది కాబట్టి ఎండ ఇంకా గాజు మీద పడుతూనే ఉంది. ఎండ వచ్చేది పై నుంచి, అడ్డం తగిలేది కింది అంచు. పైన నీడ ఉంటే చాలు. పక్కనున్న ఫైలు అట్ట ఒకటి తీసుకొని, ఎడమ చేత్తో లెన్స్ పైన గొడుగులా పట్టి, అట్ట అంచు బొమ్మలోకి రాలేదని సరిచూసుకున్నాను. కుడిచేత్తో హుడ్ ముందున్న నల్ల టోపీ తీసి, ఫోటో పడ్డాక మళ్లీ పెట్టాను. ఆఖరి ప్లేటు.

ప్రింట్లు తీసి పంపడానికి నన్ను ఆ ఖాళీ బంగళాలోనే ఆపారు. వారానికి యాకూబ్ నేరేడ్‌మెట్ నుంచి నడిచి వచ్చి ప్రింటు తీసుకున్నాడు. కాళ్ల వేళ్ల దగ్గర మొదలుపెట్టి టోపీ దాకా నిదానంగా చూశాడు.

"మంచిగనే ఉన్నది గని, ఈ పక్కోడు నా మీద ఒరిగిండు. వీణ్ణి జెర తీసేయరాదా?" అన్నాడు. రాదని చెప్పాను. నా పని మీద అనుమానంగా చూస్తూ, ఫోటోను మాత్రం రెండు కాగితాల మధ్య పెట్టుకొని పోయాడు.

ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు కెమెరా పట్టాను. హుడ్‌ను ఎంచుకోవలసింది కెమెరా, లెన్స్ తమ ఆఖరి చోట కుదురుకున్నాకే. వాటిలో ఏది కదిపినా నాలుగు మూలల్లోంచి మళ్లీ చూడవలసిందే. గ్రూప్ ఫోటోల్లో మూలల్లో కూర్చునేది చిన్న ఉద్యోగులు. అక్కడ జరిగిన తప్పుకు పై నుంచి సంజాయిషీ అడగరు. అందుకే అది ఫోటోగ్రాఫర్ తనంతట తాను చూసుకోవాలి.