సొన్నప్ప తెరిచిన రిపోర్టు

అంబిక పీణ్య పారిశ్రామికవాడలోని ఒక చిన్న ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లు వాషర్ల కొలతలు సరిచూసింది. ఆదివారాలు క్లాసులకు వెళ్లి కోడింగ్ నేర్చుకుని, ముప్పై ఆరో ఏట కె.ఆర్.పురంలో ఐదుగురు పనిచేసే వెబ్‌సైట్ కంపెనీలో చేరింది.

హొసకోటెలోని ఒక ల్యాబు రక్తపరీక్షల రిపోర్టులను ఫోన్‌లో చూపించే సైట్ ఆమె ఒంటిచేత్తో చేసిన మొదటి పని. పేరు, వయసు, ఫలితం రావాల్సిన చోట ఖాళీలు వదిలి టెంప్లేట్ రాసింది. ఆ ఖాళీలు నింపే టెంప్లేట్ ఇంజిన్‌ను, ఎవరు ఏ పేజీ అడిగారో చూసుకునే ఫ్రేమ్‌వర్క్‌తో కలిపింది. ఎన్నిసార్లు చూసుకున్నా సరిగ్గానే వచ్చింది. సోమవారం ఉదయం సైట్ మొదలైంది. ఇబ్బంది ఉంటే ఫోన్ చేయమని పేజీ అడుగున అంబిక నంబరే ఇచ్చారు.

పదిన్నరకు ఫోన్ మోగింది.

"అమ్మా, హొసకోటె సొన్నప్పని. షుగర్ ఎంతుండాదో చూద్దామని తెరిస్తే, నేను కడుపుతో ఉండానని వచ్చిండాదే!" పెద్దాయన పగలబడి నవ్వుతున్నాడు.

అంబికకూ నవ్వొచ్చింది. "పేరేమని ఉండాదప్పా?"

"వెంకటలక్ష్మి అని. మా వీధి పిల్లే, బట్టలు కుడతాది."

"ఎవురితోనూ అనొద్దప్పా, నీ కాళ్లు పట్టుకుంటా."

అవతల నవ్వు ఆగింది. "అయ్యో, మా ఇంటామెకి చెప్పేసినానే. ఆయమ్మ అప్పుడే కొళాయి కాడికి పోయింది."

కోడ్ తెరిచి చూస్తే తప్పు కళ్లెదుటే ఉంది. పేజీ అడిగిన మనిషికి విడిగా అందాల్సిన వివరాలను, అప్లికేషన్ మొత్తానికీ ఉమ్మడిగా ఉండే చోట పెట్టింది. తానొక్కతే చూసినంతకాలం బయటపడలేదు. ఇద్దరు ఒకేసారి తెరిచేసరికి ఒకరి వివరాలు ఇంకొకరి పేజీలో పడ్డాయి. ఎవరినీ అడక్కుండా సైట్ ఆపేసింది.

కంపెనీ యజమాని దీపక్ పరుగున వచ్చాడు. "సర్వర్ డౌన్ అని మెసేజ్ పెట్టేద్దాం అంబికా. ఫిక్స్ చేసి మళ్లీ లైవ్‌కి వెళ్దాం."

"వెంకటలక్ష్మి అనే ఆయమ్మ కడుపుతో ఉండే సంగతి వీధంతా తెలిసిపోతా ఉండాది సార్. ఆయమ్మకే చెప్పొద్దా?"

టైపు చేస్తున్న మెసేజ్‌ను దీపక్ చెరిపేశాడు. "ల్యాబ్‌తో నేను మాట్లాడతా. ఆవిడకి నువ్వు కాల్ చెయ్."

వెంకటలక్ష్మి అంతా విన్నది. కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.

"పెండ్లయి ఏడేండ్లకి నిలిచిందక్కా. మా ఆయన సాయంత్రం పని నుంచి వచ్చినాక చెప్పాలని ఉండా. ఆయనకంటే ముందు వీధికి తెలిసిందా?"

"తప్పు నాదేనమ్మా," అంది అంబిక. ఫోన్ కట్టయింది.

దిద్దుబాటుకు ఐదు నిమిషాలే పట్టింది. వేరేవాళ్ల రిపోర్టులు మరో పదిమందికి కనిపించాయని తేలితే, ఆ రిపోర్టులు ఎవరివో వాళ్లందరికీ అంబికే ఫోన్ చేసి చెప్పింది. ముగ్గురు తిట్టారు, ఒకావిడ ఏడ్చింది. పది రోజులు ల్యాబు రిపోర్టులను కాగితాల మీదే ఇచ్చింది. తన ఉద్యోగం పోతుందనుకుంది అంబిక, గాని పోలేదు. వెంకటలక్ష్మికి మరో రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.