ఎత్తిన డోలీ

చెల్లి ముఖం ఆఖరిసారి చూసుకోవాలని హైదరాబాదులో పొద్దున్నే విమానమెక్కాను. పురిటి నొప్పులు పడుతున్న దాన్ని కర్రకు దుప్పటి కట్టి, డోలీలో డుంబ్రిగుడ రోడ్డు దాకా మోసుకొస్తుంటే పొంగిన వాగు దాటలేక ఒడ్డునే పోయింది. బిడ్డా దక్కలేదు. ఊరి బయట పోయినవాళ్ళను మావాళ్ళు ఊళ్ళోకి తేరు. "బేగి రా వదినా, మజ్జేనం దాటితే ఉంచరు," అని చెల్లి మొగుడు ఫోన్లో ఏడ్చాడు.

విశాఖలో వాన. చక్రాలు ఇక నేలను తాకుతాయనగా ఇంజన్లు ఒక్కసారి హోరెత్తాయి. విమానం ముక్కు పైకెత్తి మళ్ళీ మబ్బుల్లోకి లేచిపోయింది. ముందు దిగిన విమానం ఇంకా రన్‌వే వదల్లేదని కాసేపటికి పైలట్ చెప్పాడు. ఏ కాస్త అనుమానమొచ్చినా దిగకుండా లేచిపోవడమే పద్ధతట. గాలి అడ్డం కొట్టినా, దారి కనబడకపోయినా అంతేనట. చుట్టు తిరిగొచ్చి దిగుతాం, కంగారు పడొద్దన్నాడు.

పక్క సీటాయన మీటింగు పోయిందని సణిగాడు. నాకు మాత్రం మావాళ్ళ మీద ఒళ్ళు మండిపోయింది. ఎత్తిన డోలీని మధ్యలో వెనక్కి తిప్పడం మా కొండల్లో అపశకునం. ఇంత పెద్ద విమానమే ఆఖరి క్షణంలో వెనక్కి తగ్గగా లేనిది, నలుగురు మోసే డోలీ తగ్గలేదా? ఆ మూఢత్వమే నా చెల్లిని తినేసిందని పళ్ళు నూరుకున్నాను.

రెండోసారికి దిగాం. ఆలస్యమైంది కాసేపే. ఘాట్ ఎక్కాక, రోడ్డు అయిపోయి జీపు ఆగిన చోటి నుంచి బురదలో నడవడానికే ఎక్కువసేపు పట్టింది. నేను చేరేసరికి మట్టి కప్పేశారు.

మరిది భుజం మీద కర్ర ఒరుసుకుని తోలు లేచిపోయి ఉంది. అది చూసి కూడా నోరు ఆపుకోలేకపోయాను.

"వాగు పొంగడం సూసి ఎనక్కి తిప్పీవలసింది కదా! అపశకునమని సంపేసినారా దాన్ని?"

"శకునమేటి వదినా," అన్నాడు. "తిప్పితే ఎనకాల ఏటున్నాది? మంత్రసాని సేతులెత్తీసినాకే గదా డోలీ ఎత్తినాం."

మళ్ళీ అతనే అడిగాడు.

"ఇమానం లేటయినాదేటి?"

"దిగబోయి మళ్ళీ లేచింది."

"ఎందుకు?"

"లోపలున్నోళ్ళకి ఏటీ కాకూడదని."

"మంచిదేలే," అన్నాడు, చేతులకంటిన మట్టి దులుపుకుంటూ.