గేటు దాటిన గుప్పెడు బియ్యం

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో అందరికీ వందనాలండి. కూర్చుని చెప్పమ్మా దీనమ్మా, కాళ్లు లాగుతాయి అని అయ్యగారు కుర్చీ వేయించారు గానీ, నేను నిలబడే చెబుతానండి, నిన్నటి నుంచి కూర్చుంటే నాకు నిలకడ ఉండట్లేదు, అదెందుకో చివర్లో మీకే తెలుస్తుంది. మన రేపల్లె మందిరంలో నన్ను ఎరగనివాళ్లు తక్కువ, చెరుకుపల్లి దగ్గర పల్లెలో కూలి చేసుకునేదాన్ని, మా ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాక ఒక్కగానొక్క కూతురు కరుణని ఈ ఊరి అబ్బాయికిచ్చి పెళ్లి చేసినదాన్ని. కానీ నేను ఎక్కడ చిక్కుకుపోయానో, ఆ దేవుడు నన్ను ఎలా బయటికి లాగాడో మీలో చాలామందికి తెలీదు.

కోతలైపోయి ఊళ్లో పనిలేని రోజుల్లో ఒక మేస్త్రీ వచ్చాడండి, బాపట్ల అవతల ఇసక నేలల్లో లాన్ గడ్డి పెంచే నర్సరీ ఉంది రమ్మన్నాడు. ఫంక్షన్ హాళ్ల ముందు, పెద్దపెద్ద ఇళ్ల ముందు పచ్చగా పరుస్తారే, ఆ గడ్డి! గొంతుక్కూర్చుని కలుపు తీయడం, చదరంగా కోసి మట్టితో సహా లారీకెక్కించడం, ఇదే పని, ఉండటానికి షెడ్డు ఇస్తాం, వండుకోడానికి బియ్యమిస్తాం, జీతం మాత్రం పనంతా అయ్యాక ఒకేసారి చేతిలో పెడతాం అన్నాడు. కరుణకి అప్పుడే నెల తప్పింది, తొలి కాన్పు తల్లే కదండీ చేయాలి, ఆ ఖర్చుకి అక్కరకొస్తుందని వెళ్లాను. వెళ్లిన రోజే రాసుకోవాలని ఆధార్ కార్డులు తీసుకున్నారు, మట్టిలో పాడైపోతాయని ఫోన్లు తీసుకుని ఆఫీసు గదిలో పెట్టి తాళం వేశారు. మర్యాదగానే తీసుకున్నారండి, అండీ అండీ అంటూనే తీసుకున్నారు! తిరిగి ఇమ్మన్న రోజు ఆ మర్యాద ఎటుపోయిందో నాకు తెలీదు.

మొదటి ఆదివారం తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని గేటు దగ్గరికి వెళ్తే వాచ్‌మన్ లేవనైనా లేవలేదు. మేస్త్రీ వచ్చి నవ్వుతూ, "గడ్డికి ఆదివారం ఉంటదా పిన్నీ? నీళ్లు పెట్టకపోతే ఎండిపోదూ?" అన్నాడు. వచ్చే వారం చూద్దాం అన్నాడు, ఆ వచ్చే వారం రానేలేదు. అక్కడ కొట్టినవాళ్లు లేరు, కట్టేసినవాళ్లు లేరు, అందుకే చాలా రోజుల దాకా నన్ను ఎవరో పట్టి ఉంచారన్న సంగతే నాకు సరిగ్గా తెలియలేదు. మనిషిని ఉంచడానికి గొలుసే అక్కర్లేదండి, వెళ్తానన్నప్పుడల్లా ఎవడో ఒకడు నవ్వి అడ్డం నిలబడితే చాలు.

కరుణతో మాట్లాడాలంటే మేస్త్రీ ముందే, స్పీకర్ పెట్టి మాట్లాడాలి. "అమ్మా, ఎప్పుడొస్తావే, నాకు భయంగా ఉందే" అని అది ఏడుస్తుంటే, వాడు నా మొహంలోకే చూస్తుంటే, వచ్చే వారం వచ్చేస్తానమ్మా అనేదాన్ని. దానికి నెలలు నిండుతున్నాయి, నేనేమో ఎవరి పెళ్లిళ్లకో పరిచే గడ్డిలో కలుపు తీస్తూ కూర్చున్నాను! అన్నం ముందు పెట్టుకుంటే సయించదు, పడుకుంటే పొర్లడమే, లేస్తే ఆ కంచె పొడుగునా ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరగడమే. తోటి ఆడవాళ్లు విసుక్కునేవాళ్లు, "అక్కా, కాసేపు కుదురుగా ఉండవే, నిన్ను చూస్తే మాకూ కాళ్లు నిలవట్లేదు" అని. నిలవకూడదనే కదా తిరిగేది!

ప్రార్థన చేశానా అంటే చేశాను, కానీ మీరు చేసేలాంటి చక్కని ప్రార్థన కాదండి, పోట్లాట. "ప్రభువా, నా బిడ్డ అక్కడ తల్లి తోడు లేకుండా ఉంది, నీకు తల్లి లేదా? ఆవిడ నిన్ను ఏ పాకలో కన్నదో నీకు తెలియదా? ఈ గేటు నీకు అంత పెద్దదైపోయిందా?" అని అడిగేశాను. అయ్యగారు క్షమించాలి, ఆ దేవుడైతే ఎప్పుడో క్షమించాడు.

అయితే ఒక్క పని మాత్రం మానలేదు. మన సంఘంలో ఆడవాళ్లం ఎసరు పెట్టేముందు ప్రభువుకని గుప్పెడు బియ్యం పక్కన తీసి, ఆదివారం మందిరానికి తెస్తాం కదా, మా అమ్మ దగ్గర అలవాటైన చెయ్యి, అక్కడా ఆగలేదు. ఒక పాత బిస్కెట్ల డబ్బాలో వేస్తూ వచ్చాను. "ఇక్కడ ఏ చర్చికి ఇస్తావే?" అని ఆడవాళ్లు నవ్వేవాళ్లు. డబ్బా నిండింది, సంచిలో పోశాను, మళ్లీ డబ్బా నిండింది. ఆ సంచి బరువెక్కే కొద్దీ నాకు సంతోషం కాదండి, కోపం వచ్చేది, మందిరం చూడని ఆదివారాలన్నీ అందులో కూర్చుని నన్నే చూస్తున్నట్టుండేది.

అప్పుడు పంపాడండి దేవుడు, తెనాలి నుంచి షరీఫా గారిని! ఆవిడ తోటలు వేసే కంపెనీలో పనిచేస్తారు, గడ్డి, మొక్కలు, ఎరువు ఎక్కడ కొనాలో చూసుకునేది ఆవిడే. లారీతో వచ్చి, చెప్పులు విప్పి గడ్డి మీద నడిచి, ఇది బాగుంది, ఇది బాగోలేదు అని చెబుతున్నారు. నేను సంచి పట్టుకెళ్లి, "మేడం, తెనాలిలో ఏ చర్చిలోనైనా ఇచ్చేయండమ్మా, దేవుడి బియ్యం" అన్నాను. మేస్త్రీ అక్కడే ఉన్నాడు, బియ్యమే కదా అని నవ్వి ఊరుకున్నాడు. ఉత్తరమైతే చింపేవాడు, ఫోనైతే లాక్కునేవాడు, బియ్యాన్ని ఏం అనుమానిస్తాడు!

షరీఫా గారు సంచి ఎత్తి చూసి, మొహం అదోలా పెట్టారు. "ఇది వారం వారం ఇచ్చే గుప్పెడు బియ్యమే కదమ్మా? మా పక్కింటి చర్చి ఆంటీ ఆదివారం పొద్దున చిన్న పొట్లం పట్టుకెళ్తుంటారు. ఇదేంటి ఇంత బరువు? నువ్వు చర్చికి వెళ్లి ఎంతకాలమైంది?" అన్నారు. మేస్త్రీ వైపు చూడలేక గేటు వైపు చూశాను. ఆవిడ కూడా గేటు వైపు చూశారు. సంచి చంకలో పెట్టుకుని, ఈ రోజు గడ్డి వద్దని చెప్పి ఖాళీ లారీతో వెళ్లిపోయారు.

ఆ తర్వాత రోజులు నా శత్రువుకి కూడా వద్దు! మేస్త్రీ నవ్వు మానేశాడు, ఏం సైగ చేశావే ఆవిడకి అని అరిచాడు, కరుణకి ఫోన్ ఇవ్వడం మానేశాడు. బిడ్డ ఉందో, కన్నదో, ఏమైందో తెలీదు. బియ్యమూ పోయింది, ఫోనూ పోయింది, లారీ చప్పుడు వినబడితే చాలు కొడవలి పడేసి లేచేదాన్ని. అక్కడ తెనాలిలో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. ఆవిడ ఆ సంచి పట్టుకుని పక్కింటి ఆంటీతో వాళ్ల మందిరానికి వెళ్లి, పాస్టరు గారిని వెంటబెట్టుకుని తన ఓనర్ దగ్గరికి వెళ్లారట. ఫంక్షన్ హాల్ పని ఆగిపోతుందమ్మా అని ఆయన నసిగితే, "ఆగనీయండి సార్, ఆ గడ్డి పరిస్తే దాని మీద నేను కాలు పెట్టను" అన్నారట. ఒక ముస్లిం ఆడపడుచు, నా దేవుడి బియ్యం కోసం!

ఒకరోజు ఎండ నడినెత్తిన ఉండగా గేటు తెరుచుకుంది. షరీఫా గారు, వాళ్ల ఓనరు, వాళ్లు ఫిర్యాదు చేసి వెంటబెట్టుకొచ్చిన అధికారులు, పోలీసులు వచ్చారు. మమ్మల్నందరినీ నిలబెట్టి, మీ ఇష్టంతోనే ఉంటున్నారా అని అడిగారు. ఒక్కరూ నోరు విప్పరు! మేస్త్రీ ఎదురుగానే ఉన్నాడు, కార్డులు వాడి దగ్గరే ఉన్నాయి, వీళ్లు వెళ్లిపోతే రేపు మా గతేంటి? "ప్రభువా, బియ్యాన్ని పంపావు, మాట కూడా నువ్వే పంపు" అన్నాను లోపల. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది ఒక్కటే, "మాకు ఆదివారం లేదండి." అంతే! నా పక్కావిడ ఏడ్చింది, ఆమె పక్కావిడ మాట్లాడింది, ఆ తర్వాత మమ్మల్ని ఆపడం ఎవరి వల్లా కాలేదు. ఆ సాయంత్రానికి కార్డులు, ఫోన్లు మా చేతికొచ్చాయి, జీతాలు కూడా అధికారులు దగ్గరుండి ఇప్పించారు. దేవునికే మహిమ!

ఫోన్ చేస్తే, కరుణకి నొప్పులొచ్చి ఆసుపత్రిలో చేర్చామని అల్లుడు చెప్పాడు. షరీఫా గారు కంపెనీ వ్యానులో, మొక్కల మధ్య కూర్చోబెట్టి నన్ను రేపల్లె ఆసుపత్రికి తీసుకొచ్చారు. పరిగెత్తానండి, కానీ అందుకోలేకపోయాను, అప్పటికే బిడ్డ పుట్టేశాడు. కరుణ నన్ను చూసి మొహం గోడవైపు తిప్పుకుంది. వచ్చే వారం, వచ్చే వారం అని ఎన్నిసార్లు చెప్పానో కదా! నేను మంచం పక్కన అలా నిలబడిపోతే కాసేపటికి ఇటు తిరిగి, "చేతులు కడుక్కునిరా అమ్మా, బాబుని ఎత్తుకుందువు" అంది. ఆ కుళాయి కింద గోళ్లలో మట్టి వదలక నేను ఏడ్చిన ఏడుపు ఇంకెప్పుడూ ఏడవలేదు.

ఇప్పుడు షరీఫా గారి కంపెనీలోనే చేస్తున్నాను. ఎక్కడ సరుకు కొన్నా పనివాళ్ల కార్డులు వాళ్ల దగ్గరే ఉండాలి, జీతం ఏ నెలకా నెల అందాలి, గేటు తెరిచుండాలి, లేకపోతే కొనేది లేదని ఓనరు కట్టుబాటు పెట్టారు. షరీఫా గారు సరుకు చూస్తారు, నేను మనుషుల్ని చూస్తాను. వాళ్లు వంట చేసుకునే చోటికి వెళ్లి కూర్చుని, నువ్వు ఆదివారం ఎక్కడికెళ్తావమ్మా అని అడుగుతాను. సినిమాకి అంటే సంతోషం, గుడికి అంటే సంతోషం, పడుకుంటాను ఆంటీ అన్నా సంతోషమే.

నిన్న మాత్రం నాకు సంతోషం లేదు. కుండీల్లో వేసే కొబ్బరిపొట్టు ఎండబెట్టే చోటు, ఇక్కడికి ఎంతో దూరం లేదు, అక్కడ ఒక చెల్లెల్ని ఇదే మాట అడిగాను. ఆమె గేటు వైపు చూసింది.

ఆ చూపు నాదే సహోదరులారా! అందుకే నాకు కుర్చీ వద్దన్నాను. అధికారులకి రాత్రే చెప్పాం, ఇప్పుడు ఆరాధన అవ్వగానే నన్ను అక్కడికి తీసుకెళ్లడానికి షరీఫా గారి వ్యాను ఈ మందిరం ముందుకే వస్తుంది. మీలో ఎవరైనా బయటికి రాలేని చోట ఉంటే, అప్పైనా, తాగుడైనా, రోగమైనా, మనిషైనా, నోరు పెగలకపోయినా పర్లేదు, ఆ గేటు వైపు ఒక్కసారి చూడండి, ఆయన చూస్తాడు, ఎవరినో ఒకరిని పంపుతాడు, మీరనుకోనివాళ్లని పంపుతాడు! ఇంటికెళ్లి ఎసరు పెట్టేటప్పుడు ఈ రోజు రెండు గుప్పెళ్లు తీయండమ్మా. ఒకటి మీది. ఒకటి ఆ చెల్లెలిది, ఆమె పేరు నాకు తెలియదు, వచ్చే ఆదివారం ఆమె చేత్తోనే ఇక్కడ పోయిస్తానని నా ప్రభువు మీద నమ్మకంతో చెబుతున్నాను. ఆమేన్. అయ్యగారూ, ఇక నన్ను వెళ్లనివ్వండి.