నా నెత్తురులో తక్కువైన కణాలు

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నా పని గురించి నాకు తెలిసింది గోరంత. హడలిపోవడానికి మాత్రం ఆ గోరంత బాగా సరిపోయింది. చదువు పూర్తికాగానే విరుదునగర్‌లో క్షయ మీద జరిగే ఒక పరిశోధనలో ల్యాబ్ సహాయకుడిగా కుదిరాను. మాది కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడి పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. (తెలుగు అక్షరాలు దిద్దుకున్నది ఆ తర్వాత చాలా ఏళ్లకు, కాబట్టి తప్పులుంటే మన్నించండి.) క్షయ క్రిమి ఒంట్లోకి దూరితే, రోగంతో పోరాడే తెల్ల కణాల్లో మామూలు టీ కణాలనే రకం దాని ప్రొటీన్ ముక్కలను గుర్తుపట్టి, సంఖ్య పెంచుకుని, పోరుకు దిగేసరికి వారాలు గడిచిపోతాయి. అయితే ఆ పద్ధతిని పాటించని టీ కణాలు మరికొన్ని ఉన్నాయి. క్రిమి ఒంటిమీది కొవ్వునో, అది విటమిన్ తయారుచేసుకుంటూ వదిలే పదార్థాన్నో పసిగట్టి అవి చప్పున కదులుతాయి. క్షయను మొదట్లోనే అవి ఆపగలవా, ఎంతవరకు ఆపగలవు అన్నదే మా ల్యాబ్ వెతుకులాట.

మా అక్క కోవిల్‌పట్టిలో కాపురం ఉండేది. అప్పుడే ఆమెకు ఆడపిల్ల పుట్టింది. ఆదివారం వస్తే రైలెక్కి వెళ్లి, మేనకోడలిని పొద్దస్తమానం ఒళ్లో పెట్టుకునేవాణ్ణి. "నువ్వు సేసే వేలై ఏందిరా?" అని అక్క ఒకసారి నా పని గురించి అడిగితే, "నెత్తురులో టీ కణాలు చూస్తామక్కా" అన్నాను గొప్పగా. "మేమంతా కాపీ తాగేవాళ్లం కదరా, మాకుండవా?" అంది దిగులుగా. ఆ 'టీ' వేరని నచ్చజెప్పేసరికి పిల్ల నిద్రపోయింది, బావ కూడా నిద్రపోయాడు.

ల్యాబ్‌లో నాకు పని నేర్పినాయన్ని అందరూ తిరగలన్న అనేవాళ్లం. నెత్తురును గిరగిరా తిప్పి తెల్ల కణాలను వేరుచేసే యంత్రం ఆయన చేతిలో ఉండేది మరి. కణాలను రకాలవారీగా లెక్కపెట్టే యంత్రం దగ్గర కూర్చోబెట్టి, "పరాయి వాళ్ల నెత్తురు పాడుచేయకు, నీదే పెట్టి నేర్చుకో" అన్నాడు. పెట్టాను. తెర మీద మామూలు కణాల చుక్కలు గుంపులు గుంపులుగా కనబడ్డాయి. చప్పున కదిలే ఆ వేరే కణాల్లో ఒక రకం ఉండాల్సిన మూల మాత్రం దాదాపు బోసిగా ఉంది. క్షయ రోగుల నెత్తురులో ఆ రకమే తగ్గుతుందని అంతకుముందే చదివి ఉన్నాను. నాకు కొంతకాలంగా పొడిదగ్గు. ఇంకేముంది, రెండూ కలిపి నాకు నేనే రోగం నిర్ణయించేసుకున్నాను.

తిరగలన్నకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. గదికి వెళ్లి నాకు వేరే కంచం, వేరే గ్లాసు కేటాయించుకున్నాను (గదిలో ఉండేది నేనొక్కణ్ణే). తలుపు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, గోడతో కూడా ఎడంగా పడుకున్నాను. నవ్వొచ్చే సంగతే గాని, ఆ పసిదాన్ని ఎన్నిసార్లు ముద్దుపెట్టుకున్నానో గుర్తొచ్చినప్పుడు మాత్రం లేచి కూర్చునేవాణ్ణి. కోవిల్‌పట్టి వెళ్లడం మానేశాను.

అక్క ఫోన్ చేసింది. "ఏంటికిరా వచ్చేదే లేదు? మీ బావ ఏమన్నా అనిండాడా?"

"లేదక్కా, పని ఎక్కువ." అంతలోనే దగ్గు తన్నుకొచ్చింది.

"దగ్గుతా ఉండావే! ఆస్పత్రికి పోతివా లేదా? సరి, నువ్వు రాకుంటే నేనే బిడ్డను ఎత్తుకోని బస్సెక్కి వస్తా. ఒంటిగా యాడ సస్తావు?"

"రావద్దక్కా!" అని అరిచాను. ఆమె అన్నంత పనీ చేసే మనిషి. ఫోన్ పెట్టేసి, అదే అడుగున, మా పరిశోధన నడిపే డాక్టరమ్మ గదికి పరుగెత్తాను.

"మేడమ్, నాకు క్షయ. నా కణాలు తగ్గిపోయాయి" అన్నాను తమిళంలో.

ఆమె కలం కింద పెట్టింది. "ఎవరు చెప్పారు?"

"యంత్రం."

"ఆ కణాలు ఒకరికి దండిగా ఉంటాయి, ఇంకొకరికి పుట్టుకతోనే కొద్దిగా ఉంటాయి. అవి చూసి రోగం ఉందీ లేదూ చెప్పగలిగితే ఈ పరిశోధన ఎందుకయ్యా? దగ్గు ఉన్నందుకు రావాల్సింది, కణాల కోసం కాదు" అని కఫం పరీక్షకు, ఎక్స్‌రేకు పంపింది.

ఫలితాలు వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. కఫంలో క్రిమి లేదు. ఊపిరితిత్తులు తేటగా ఉన్నాయి. డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూస్తూ, "ఇంతకీ నువ్వుండేదెక్కడ?" అంది.

"మిరపకాయల గోడౌను మీద, మేడమ్."

ఆమె నవ్వు వరండా దాకా వినబడింది. గది మారాక దగ్గు పోయింది.

ఆ ఆదివారమే కోవిల్‌పట్టి వెళ్లాను. అక్క పిల్లను చేతికిచ్చింది. భయం వదిలినా అలవాటు వదలక మొహం పక్కకు తిప్పుకుని ఎత్తుకున్నాను. "ఏందిరా ఆ పక్క సూస్తావు? నీ మొగం బిడ్డకు తెలియాల కదా" అంది. అప్పుడు తిరిగి చూశాను. పిల్ల నా ముక్కు పట్టుకుని లాగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. గట్టిగా లాగిందని అక్కతో చెప్పాను.

ఇప్పటికీ ఆ కణాల వెంటే తిరుగుతున్నాను. క్షయలో అవి సరిగ్గా ఏం చేస్తాయని ఎవరైనా అడిగితే, కొంత తెలుసు, చాలా తెలియదు అని తడుముకోకుండా చెబుతాను. తెర మీద నాలుగు చుక్కలు తగ్గాయని బతుకంతా ముగిసిందనుకున్న ఆ బక్కపలచని కుర్రాడు ఒక్కోసారి గుర్తొస్తాడు. పక్కన కూర్చోబెట్టుకుని ఒక కాఫీ ఇప్పించాలనిపిస్తుంది.