కుడి మలుపు

మా బాబాయిది నోట్లో నాలుక లేని జాతి. ఆయన తరఫున మాట్లాడేది ఆయన కుడి చెయ్యే. పందెం పడవలో వేగం పెంచి తగ్గించే రెండు మీటల మీద ఉండేది ఆ చెయ్యి. ఎడమ మీట ఎడమ ఇంజనుకి, కుడి మీట కుడి ఇంజనుకి. షెడ్డులో అందరూ ఆయన్ని "చెయ్యి" అనే పిలిచేవారు. "చెయ్యి వచ్చిందా?", "చెయ్యి భోంచేసిందా?" అని అడుగుతుంటే కొత్తగా చేరినవాళ్లు తెల్లమొహం వేసేవారు. స్టీరింగు పట్టేది మా నాన్న, అంటే బాబాయికి సొంత అన్న. నాన్నని మాత్రం ఎవరూ "తల" అనలేదు. అంటే ఊరుకునే మనిషి కాదు.

నేను ఆ షెడ్డులోనే ప్రొపెల్లర్ రెక్కలకి సానపడతాను. కాబట్టి ఈ పడవల గురించి నాలుగు ముక్కలు చెప్పే హక్కు నాకుంది, వినక తప్పదు. రెండు సన్నటి పడవల్ని పక్కపక్కన పెట్టి, మధ్యలో ఖాళీ వదిలి, పైన ఒకటే కప్పు వేస్తే అది కాటమరాన్. వేగం అందుకున్నాక ఆ ఖాళీలోకి గాలి దూరి పడవని పైకెత్తుతుంది. అప్పుడు నీటికి తగిలేవి వెనక తోకలూ, ప్రొపెల్లర్లూ మాత్రమే. ఆ ప్రొపెల్లర్లు కూడా సగం నీళ్లలో, సగం గాల్లో తిరుగుతాయి. మామూలు పడవ ప్రొపెల్లర్‌ని అలా తిప్పితే నీళ్లు చిలుకుతూ కూర్చుంటుంది. వీటి రెక్కల అంచు కత్తి, నీళ్లని కోసుకుంటూ దిగుతుంది. ఆ అంచు తీర్చేది నేనే. నమ్మకం లేకపోతే నా వేళ్లు చూడండి.

పడవ అల మీంచి ఎగిరినప్పుడు రెక్కలకి నీళ్లు అందవు, ఇంజన్లు గోలపెడతాయి. అప్పుడు మీటలు వెనక్కి లాగకపోతే, కిందపడి మళ్లీ నీళ్లు తగిలేసరికి గేర్‌బాక్సు పళ్లు రాలిపోతాయి. మరీ ముందే లాగితే పడవ ముక్కు దించేస్తుంది. అందుకే స్టీరింగుకి ఒకరు, మీటలకి ఒకరు. పక్కపక్కనే కూర్చుంటారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోరు, ఇద్దరి చూపూ ఎదుటి నీళ్ల మీదే. ఒకడు చేసింది రెండోవాడికి సీటులోంచి తెలుస్తుంది. ఒడ్డెక్కాక మీటలవాడు స్టీరింగు గురించి మాట్లాడకూడదు, స్టీరింగువాడు మీటల గురించి మాట్లాడకూడదు. ఎవరూ పెట్టిన నియమం కాదు. కానీ అది తప్పినవాడి పక్క సీటులో కూర్చోడానికి ఇంకొకడు రాడు.

అన్నదమ్ములకి ఈ పని చిన్నప్పుడే అబ్బిందని మా నానమ్మ అనేది. ఇంట్లో ఉన్నది ఒకటే సైకిలు. ముందు కూర్చుని నాన్న హ్యాండిలు పట్టుకుంటే, వెనక కూర్చుని కాళ్లు చాపి బాబాయి తొక్కేవాడట. ఇద్దరూ గోతిలో పడితే "తొక్కినవాడిదే తప్పు" అని నాన్న తీర్పు చెప్పేవాడట, బాబాయి ఒప్పుకునేవాడట. పెద్దయ్యాక కూడా పెద్ద మార్పేమీ లేదు. బాబాయి పెళ్లి చేసుకోలేదు. మా ఇంటి వెనక గదిలో ఉండి, అమ్మ వండింది తిని, అమ్మ తిట్టినవి కూడా తిని, అన్నగారి పక్కన కూర్చుని బతికాడు. నాన్న గెలిచిన పందేలన్నిట్లోనూ కప్పు ఎత్తింది నాన్న. వెనకాల తువ్వాలు పట్టుకుని నిలబడింది బాబాయి.

నాన్నకి కుడిపక్క చూపు పోతోందని మొదట కనిపెట్టింది బాబాయి. కళ్లు చూసి కాదు, సీటు వల్ల. ఎడమ మలుపుల్లో పడవ ఎప్పటిలాగే తిరుగుతోంది. కుడి మలుపుల్లో మాత్రం నాన్న చేతులు ఆలస్యం అవుతున్నాయి. నీళ్ల మీద తేలే నారింజరంగు గుర్తు పక్కకొచ్చేదాకా నాన్న దాన్ని చూడటంలేదు. నాన్నకి ఎదురుగా ఉన్నది బాగానే కనబడేది, కళ్లద్దాలు లేకుండా పేపరు చదివేవాడు. చూపు అంచు నుంచి మూసుకొస్తుంటే ఆ మనిషికే తెలియదట, తర్వాత నేను ఒక కంటి డాక్టరుని అడిగితే చెప్పాడు. నేల మీద తల కాస్త తిప్పితే సరిపోతుంది. హెల్మెట్టు పెట్టి, భుజాలు బెల్టులతో బిగించి కట్టేశాక తల ఎంతని తిరుగుతుంది?

బాబాయి దానికో మార్గం కనిపెట్టాడు. కుడి మలుపు రాబోతుండగా కుడి మీటని కొంచెం వెనక్కి లాగేవాడు. కుడి ప్రొపెల్లర్ తగ్గుతుంది, ఎడమది తోస్తూనే ఉంటుంది, పడవ ముక్కు తనంతట తనే కుడికి మళ్లుతుంది. అది తెలియగానే నాన్న చేతులు స్టీరింగు తిప్పేవి. అంటే అప్పట్నుంచీ మలుపు చూసింది బాబాయి కళ్లు, మొదలుపెట్టింది బాబాయి చెయ్యి. నాన్నకి ఈ సంగతి తెలియదు. "ఈ పడవకి నా మనసు తెలుసే, అనుకోగానే తిరుగుతుంది" అని అమ్మ దగ్గర మురిసిపోయేవాడు.

చెప్పేస్తే పోయేది. చెప్తే నాన్న స్టీరింగు వదిలేయాలి. వదిలేస్తే అన్నయ్య మనిషిగా మిగలడని బాబాయి భయం. దానికి తోడు ఆ ఒడ్డెక్కాక మాట్లాడకూడదన్న కట్టుబాటు ఒకటి. మింగలేక కక్కలేక, ప్రతి పందెంలోనూ అన్న ప్రాణాన్ని కుడి చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

కానీ నీళ్లు ఊరికే ఏదీ ఇవ్వవు. ఒకసారి పట్టు వదిలిన ప్రొపెల్లర్‌కి మళ్లీ పట్టు దొరకడానికి కాస్త సమయం కావాలి. ప్రతి కుడి మలుపులోనూ ఎవడో ఒకడు మమ్మల్ని దాటిపోవడం మొదలైంది. వరసగా ఓడిపోయాం. పడవ ఓనరు మా అందర్నీ పిలిచి కంప్యూటర్లో గీతలు చూపించాడు. మీట ఎప్పుడు ఎంత కదిలిందో అందులో పడుతుంది.

"ప్రతి కుడి మలుపు ముందూ నీ చెయ్యి వెనక్కొస్తోంది. ఏంటి, భయమా?" అని బాబాయిని అడిగాడు.

బాబాయి నాన్న వైపు చూశాడు. ఎప్పుడూ మీటల గురించి నోరెత్తని నాన్న ఆ రోజు అందరి ముందూ నోరెత్తాడు.

"వయసొచ్చిందిరా నీకు. చెయ్యి భయపడుతోంది. నాకూ తెలుస్తూనే ఉంది, తమ్ముడివని ఊరుకున్నా. ఇంక దిగిపో."

"సరే అన్నయ్యా" అన్నాడు బాబాయి.

అంతే. నా చేతిలో సానపట్టే మిషను ఉంది, విసిరికొడదామన్నంత కోపం వచ్చింది. నాన్న మీద కాదు, ఆ "సరే" మీద. సాయంత్రం వెనక గదికి వెళ్లి నిలదీశాను.

"నిజంగా భయమేసిందా బాబాయ్?"

"ఏసిందమ్మా."

"దేనికి?"

"మలుపుకి" అన్నాడు. పచ్చి నిజం చెప్పాడు, నాకు సగమే వినబడింది.

బాబాయి స్థానంలోకి ఇంకో పడవ నుంచి ఒకతను వచ్చాడు. మనిషి తాటిచెట్టంత, అందుకని పొడుగాయన అన్నాం. మంచివాడు, పని తెలిసినవాడు, అదే మా ఖర్మ. పందేనికి ముందు బాబాయి అతని దగ్గరికి వెళ్లి, "కుడి మలుపు దగ్గర కుడి మీట కాస్త ముందే లాగు" అన్నాడు. నేను పక్కనే ప్రొపెల్లర్ బిగిస్తున్నాను.

"ఎందుకండీ?" అన్నాడు పొడుగాయన.

బాబాయి నోరు తెరిచాడు. మూశాడు. "పడవకి అలవాటైపోయింది" అన్నాడు.

పొడుగాయన నవ్వాడు. "ఆ అలవాటు మాన్పించడానికే కదండీ నన్ను తీసుకొచ్చారు."

ఒక్క మాట. "మా అన్నయ్యకి కనబడదు" అనే ఒక్క మాట. దాన్ని మోసుకుని అక్కడిదాకా నడిచి వెళ్లినవాడు దించకుండానే తిరిగొచ్చాడు. ఆ రోజుని తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరుకుంటాను.

పందెం చూడటానికి బాబాయి నా పక్కనే గట్టు మీద నిలబడ్డాడు. మొదట్లో మా పడవే ముందుంది. నా రెక్కలు కోసిన నీళ్లు వెనకాల తెల్లటి గోడలా లేచాయి. ఎడమ మలుపు శుభ్రంగా తిరిగింది. "చూశావా, ఎలా పోతోందో!" అని నేను అరిచాను. పడవ కుడి మలుపుకి వస్తోంది. నా పక్కన బాబాయి కుడి చెయ్యి గాల్లో వెనక్కి లాగింది. అక్కడ పడవ తిరగలేదు.

నాన్న దానికోసం ఎదురుచూస్తున్నాడని నాకు తర్వాత అర్థమైంది. పడవ తనంతట తను మళ్లుతుందని, ఎప్పుడూ మళ్లుతుంది కదా అని చూస్తున్నాడు. పొడుగాయన రెండు మీటలూ సమానంగా, నిండా తోసి పట్టుకున్నాడు. నారింజ గుర్తు పక్కనుంచి దూసుకుపోతున్నప్పుడు నాన్న చూశాడు, ఒక్కసారిగా తిప్పాడు. ఎడమ భాగం నీళ్లలో కూరుకుపోయింది, కుడి భాగం గాల్లోకి లేచింది, పడవ బోర్లాపడింది. పొడుగాయనని విరిగిన భుజంతో బయటికి తీశారు. మా నాన్నని కూడా తీశారు గానీ, తీసింది నాన్నని కాదు.

ఆ తర్వాత నిందలు మొదలయ్యాయి. ముందురోజు దాకా బాబాయిని పిరికివాడన్న నోళ్లే, "చెయ్యి ఉండుంటే తగ్గించేవాడు, ఆ పొడుగోడు చంపేశాడు" అన్నాయి. ఓనరు మళ్లీ అందర్నీ షెడ్డులో పోగేసి మళ్లీ గీతలు తీశాడు. మలుపు దగ్గర రెండు గీతలూ పైనే ఉన్నాయి, ఎక్కడా దిగలేదు. ఇంక ఈ మనిషిని ఏ పడవా ఎక్కనివ్వకూడదని ఓనరు అంటుంటే, పొడుగాయన చెయ్యి మెడకి కట్టుకుని తల దించుకుని కూర్చున్నాడు.

బాబాయి లేచాడు. జన్మలో ఆయన అంతసేపు మాట్లాడటం నేను చూడలేదు.

"ఆయన తప్పేం లేదు. నేర్పినట్టే పట్టుకున్నాడు. మా అన్నయ్యకి కుడిపక్క కనబడదు. చాన్నాళ్లుగా కనబడదు. మలుపు నేను మొదలుపెట్టేవాణ్ణి, ఆయన తిప్పేవాడు. మీ గీతలో పడింది అదే. భయం కాదు."

"తెలిసీ చెప్పలేదా?" అన్నాడు ఓనరు.

"తెలిసీ చెప్పలేదు."

పొడుగాయన తలెత్తాడు. "నాకైనా చెప్పాల్సింది కదండీ. ఆ రోజు నా దగ్గరికి వచ్చారు కదా."

"చెప్పాల్సింది" అన్నాడు బాబాయి. ఎవరూ ఆయన భుజం మీద చెయ్యి వెయ్యలేదు, తిట్టనూ లేదు. ఒక్కొక్కరే లేచి పనిలోకి వెళ్లిపోయారు. ఆ రోజునుంచీ షెడ్డులో ఆయన్ని ఎవరూ "చెయ్యి" అని పిలవలేదు.

ఇంటికొచ్చాం. దారి పొడుగునా నేను నాలుగడుగులు ముందే నడిచాను. మాట్లాడితే ఏమంటానో నాకే భయంగా ఉంది. అమ్మ మంచం మీద నాన్న చొక్కాలు మడతపెడుతోంది. బాబాయి గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని, షెడ్డులో చెప్పిందంతా మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. అమ్మ చేతులు ఆగలేదు. ఒక చొక్కా, తర్వాత ఇంకో చొక్కా. చెప్పడం అయిపోయాక, "నన్ను నాలుగు తిట్టు వదినా" అన్నాడు.

"ఏమని తిట్టను?" అంది అమ్మ. "ఆయనకి కుడిపక్క కనబడటం లేదని నాకూ తెలుసు. కుడిపక్క పెట్టిన మంచినీళ్ల గ్లాసు ఎన్నిసార్లు తన్నేశాడో. రోడ్డు మీద నేను ఆయన కుడిపక్కనే నడవడం మొదలుపెట్టాను."

బాబాయి తలెత్తి చూశాడు.

"పడవ దిగాక నువ్వు కూడా ఎప్పుడూ కుడిపక్కకే వచ్చి నిలబడేవాడివి. అది చూసి, వీడికీ తెలుసు, పక్కనే ఉన్నాడు, ఇంక నాకేం భయం అనుకున్నా. నిన్ను దింపేశారని తెలిసిన రోజు నా గుండె జారిపోయింది. నువ్వు చెప్తావని చూశాను. నువ్వు చెప్తే వింటాడు, నేను చెప్తే నీకేం తెలుసంటాడు. ఇవాళ చెప్తావు, రేపు చెప్తావు అని చూస్తూ కూర్చున్నాను."

"నీకు తెలుసని నాకు తెలియదు వదినా" అన్నాడు బాబాయి.

"నాకు తెలుసు. నీకు తెలుసనీ తెలుసు. ఆయనొక్కడికే తెలియనివ్వలేదు మనం."

చేతిలో చొక్కా మొహానికి అడ్డం పెట్టుకుని అమ్మ అప్పుడు ఏడ్చింది. బాబాయి నేల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఏడ్చాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. వీళ్లిద్దరూ పంచుకున్నది పాపం కాదు, ప్రేమే, అయినా మా నాన్న చచ్చిపోయాడు. ఇద్దర్నీ నిలబెట్టి కడిగేయాలని నా నోటిదాకా వచ్చింది. నేను ఆయన కూతుర్ని, నాకైనా చెప్పలేకపోయారా అని అరవాలనుంది. అరవలేకపోయాను. ఆయన్ని అంతగా ప్రేమించినవాళ్లు నాకు ఇంకెవరు మిగిలారు?