ఓనరమ్మ సకినాలకు నా రివ్యూ

పుస్తకమైనా, సినిమా అయినా, ఊటీ ట్రిప్పయినా, అసెంబ్లీ గొడవైనా నాలుగు ముక్కల్లో తేల్చేసి స్టేటస్‌లో పెట్టడం నాకు అలవాటు. చివర్లో "కాస్త సాగదీశారు, ఒకసారికి పర్వాలేదు" అని రాస్తే గానీ నా మనసు కుదుటపడదు.

నిన్న రవ్వకేసరి చేసి, కింద పోర్షన్‌లో ఉండే మా ఓనరమ్మకి గిన్నెడు ఇచ్చాను. ఆవిడది నల్లగొండ వైపు. ఇవాళ సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో కూరగాయలు కొనుక్కుని మీర్‌పేట్‌లోని ఇంటికి చేరేసరికి, గిన్నె పట్టుకుని మెట్ల దగ్గర కాచుకుని ఉంది.

"నీ కేసరి తిన్న బిడ్డా. షురూల మంచిగనే ఉండె గని, నడుమల జర సాగదీసినవ్. జీడిపప్పు గట్ల మెరిసి గిట్ల మాయమైంది. ఒక్కపారికైతే పర్వాలేదు."

ఆవిడ నా స్టేటస్‌లన్నీ చూస్తోందని నాకు అప్పుడే తెలిసింది!

గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, నిండా సకినాలు పెట్టి తెచ్చింది. "ఇగ నువ్వు రాయి. మొహమాటం పెట్టుకోకు" అంది.

అక్కడే నిలబడి ఒకటి కొరికాను. కొరికానంటే అబద్ధం. సకినం చెక్కుచెదరలేదు, నా పన్ను మాత్రం కదిలింది. మంత్రుల్ని కూడా వదలని నేను, ఆవిడ చూస్తుండగానే ఫోన్ తీసి స్టేటస్ పెట్టాను: "అద్భుతం! మళ్లీ మళ్లీ తినాలనిపించే సకినాలు."

మీరైతే నిజం రాసేవారా? మా ట్యాంకుకి మోటారు వేసేది ఆవిడే మరి. ఈ పోస్టు ఆవిడకి కనపడకుండా దాచాను. రేపు మా కుళాయిలో నీళ్లు రాకపోతే, మీలోనే ఎవరో చూపించారన్నమాట!